మామ మోటారుకు పట్టిన విభూతి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. దేవుడి మీద నమ్మకం సంగతి కాదు, అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నేను చెప్పేది ఇంకొకటి. ఏ వస్తువునైనా కదపకుండా, వాడకుండా, రోజూ దానికో దండం పెట్టుకుంటూ ఉంటే అది ఉన్నది ఉన్నట్టే ఉంటుందని అనుకునేవాణ్ని. మా ఇంట్లో కంచు గంట, ఇత్తడి దీపం, మా భజన మండలి హార్మోనియం అన్నీ అలాగే ఉండేవి మరి (హార్మోనియంలో రెండు మెట్లు పలికేవి కావు, అది దాని స్వభావం అనుకునేవాళ్లం). శనివారం భజన, ఏకాదశికి పారాయణం, ఊళ్లో ఎక్కడ ప్రవచనం జరిగినా ముందు వరుసలో నేను. ఎవరైనా శ్లోకం మొదలుపెట్టి తడబడితే మిగతాది నేనే అందుకునేవాణ్ని. ఇంత చదివినవాడికి ఒక పడవ మోటారును కొన్ని నెలలు కాపాడడం పెద్ద పనేం కాదని మా మామ అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇద్దరి దురదృష్టం అక్కడ మొదలైంది.

మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నాకు తెలిసినంత వరకు క్రికెట్ మైదానం. చెరువు నడిబొడ్డున నిలబడి బంతి కోసం తుమ్మ పొదల్లో వెతుక్కున్న బాల్యం మాది. అలాంటిది ఒక వానాకాలం విడవకుండా కురిసి చెరువు నిండిపోయింది. అలుగు దుంకుతుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బడంగ్‌పేట్ నుంచి, తుక్కుగూడ నుంచి జనం బండ్లు వేసుకుని నీళ్లు చూడడానికి వచ్చేవారు. వచ్చినవాళ్లకు ఆకలవుతుంది కనుక కట్ట మీద మక్కకంకులు కాల్చే ఒకామె వెలిసింది. నేను కంకులక్క అనేవాణ్ని. వచ్చినవాళ్లకు నీళ్ల మీద తిరగాలని కూడా ఉంటుందని మా మామకు తోచింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నాన్న పోయాక నన్నూ అమ్మనూ తన ఇంటికి తెచ్చుకుని, తన పిల్లకు ఏం పెట్టాడో నాకూ అదే పెట్టి పెంచినవాడు. బతుకంతా లారీ నడిపి మోకాళ్లు అరగదీసుకున్నాడు. చెరువు నిండిన ఏడాది ఆ లారీ అమ్మేసి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఒకరు వదిలించుకుంటున్న ఫైబర్ పడవనూ దాని వెనక తగిలించే మోటారునూ కొనుక్కొచ్చాడు. అత్త చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు (అన్నం పెట్టేది, కంచం కొంచెం గట్టిగా పెట్టేది). ఆ మోటారును చూడనివాళ్ల కోసం చెబుతాను. పైన తేనెటీగల పెట్టె లాంటి తల, దాని కింద పొడుగాటి అల్యూమినియం కాలు, కాలి చివర నీళ్లను తోసే పంకా. తల పడవ మీద, కాలు నీళ్లలో. తాడు గుంజితే పెద్ద కప్పలా అరిచి లేచేది. ఆదివారాలు మామ వెనక కూర్చుని నడుపుతుంటే పడవలోని పిల్లలు కేకలు పెట్టేవారు, ఒడ్డున ఉన్నవాళ్లు చేతులు ఊపేవారు. "లారీ మీద ఇన్నేండ్లు కూసున్న, ఒక్కడన్న నాకు చెయ్యి ఊపిండారా? గీడ జూడు" అని మామ చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

ఆ మురిపెం ఎన్నాళ్లో సాగలేదు. మోకాళ్లు బొత్తిగా మొరాయించాయి. పట్నంలో ఆపరేషన్, తర్వాత కరీంనగర్‌లో కూతురింట్లో విశ్రాంతి అని తేలింది. వెళ్లే ముందు నన్ను ఒడ్డుకు తీసుకుపోయాడు.

"అల్లుడా, లారీ పోయింది. ఇగ మనకు గీ మోటరొక్కటే ఉన్నది. గిది ఆగితే మనిల్లు ఆగుతది. సమజైందా?"

"అయింది మామ."

"పడవ కట్టేసినప్పుడు దీని కాలు నీళ్లల్ల ఉండొద్దు. గుంజి పైకి లేపి కట్టు. వారానికోపారి మంచినీళ్లతోని కడిగి, జర నూనె గుడ్డ పెట్టు. గీ కాలు కాడ సబ్బుబిళ్ల తీరుగ జింకు దిమ్మ ఉన్నది చూడు, గది అరుగుతాంటది. నేనొచ్చినంక కొత్తది ఏద్దాం."

"నువ్వు ఫికర్ జెయ్యకు మామ."

"నువ్వు గట్లంటేనే నాకు ఫికర్ అయితది" అని మామ అత్తతో కలిసి ఆటో ఎక్కాడు.

మామ చెప్పినట్టే ఆ సాయంత్రం మోటారు కాలు పైకి లేపి కట్టాను. అంతలో మా భజన మండలి పెద్ద, హార్మోనియం తాత, షికారుకు కట్ట మీదికి వచ్చాడు. కట్ట మీద మైసమ్మ గుడి ఉంది. తాత మైసమ్మకు దండం పెట్టి, వెనక్కి తిరిగి పడవను చూసి ఆగిపోయాడు.

"ఎవర్ని తంతాందిరా గది?"

అప్పుడు చూశాను. మోటారు కాలు సరిగ్గా మైసమ్మ వైపు చాచి ఉంది. "అమ్మకెదురుంగ కాలు జాపుడేంది బిడ్డా, గింత చదివినోనివి" అన్నాడు తాత. పడవను అటు తిప్పి కట్టాను. గాలికి అది తిరిగి తిరిగి మళ్లీ అమ్మ వైపే వచ్చింది. రెండు తాళ్లతో కట్టాను, రాళ్లు వేసి బిగించాను, పొద్దున్నే వచ్చి చూస్తే కాలు మళ్లీ అమ్మవారి ముఖం మీదికే. "దించు బిడ్డా. మర్యాదగ నీళ్లల్ల పెట్టుకోని కూసుంటది" అని తాత తీర్పు చెప్పాడు. మామ మాట ఒక పక్క, అమ్మవారి మర్యాద ఒక పక్క. మామ కూడా మైసమ్మకు మొక్కనిదే తాడు గుంజేవాడు కాదు కదా అని మనసుకు చెప్పుకుని, కాలు నీళ్లలోకి దించేశాను.

ఇక జింకు దిమ్మ. నేను చూసేసరికే అది గుంటలు పడి, ఎలుక కొరికిన బెల్లం ముక్కలా ఉంది. జాలేసింది. మామ వచ్చేదాకా దీన్ని అరగకుండా ఆపితే కొత్తది వేసే శ్రమ తప్పుతుంది కదా అని, మండలి రథానికి వేయగా మిగిలిన వెండి రంగు తెచ్చి దిమ్మకు దట్టంగా రెండు పూతలు పూశాను. ఆ దిమ్మ అక్కడ ఉన్నదే అరిగిపోవడానికని నాకు తెలియదు. నీళ్లలో మోటారును తినడానికి వచ్చే తుప్పును తన మీదికి తీసుకుని, కాలు బదులు తాను కరిగిపోవడమే దాని పని. ఇతరుల కోసం ఒళ్లు కోసి ఇచ్చినవాళ్ల కథలు ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, విన్న ప్రతిసారీ ఏడ్చాను. అలాంటిదే ఒకటి నా కళ్లముందు సబ్బుబిళ్లంత వేలాడుతుంటే, దానికి నొప్పి పుడుతుందేమోనని రంగు కప్పి కూర్చోబెట్టాను. అది చాలదన్నట్టు తాత మోటారు క్షేమం కోసం ఒక యంత్రం తెచ్చాడు. అరచేయంత రాగి రేకు మీద గీతలు, అక్షరాలు. "రాగి మంచిది బిడ్డా, శుద్ధి" అంటూ దాన్ని రాగి తీగతోనే మోటారు కాలికి బిగించి కట్టాడు. నేను మంత్రం చెప్పాను. చక్కగా, ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున కంకులక్క కేకేసింది. "తమ్మి, మీ మోటరుకు ఏందో పూసింది, చూస్కున్నవా?" వెళ్లి చూశాను. నీటి అంచు దగ్గర మోటారు కాలు మీద తెల్లటి పొడి, మెత్తగా, చెయ్యి పెడితే వేళ్లకు అంటుకుంటోంది. తుప్పు పట్టిందని తాత దగ్గరికి పరుగెత్తాను. తాత నిదానంగా వచ్చి, వంగి, వేలితో తీసి, వాసన చూసి, నన్ను జాలిగా చూశాడు.

"తుప్పు ఏ రంగుల ఉంటది బిడ్డా?"

"ఎర్రగ తాత."

"గిది?"

"తెల్లగ."

"మరి తుప్పెట్లయితది?" అని ఆ పొడిని నుదుట మూడు వేళ్లతో అడ్డంగా రాసుకున్నాడు. "విభూతి."

నవ్వకండి. ఆ మాటలో నాకు ఒక్క లోపం కూడా కనబడలేదు. అల్యూమినియానికి పట్టే తుప్పు తెల్లగా ఉంటుందని ఏ పారాయణంలోనూ లేదు. పైగా నా భయమంతా ఒక్క దెబ్బకు పోయింది. తుప్పు కాదు, మోటారు భద్రం, అదనంగా దేవుడు కూడా వచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టక మా అమ్మకు చెబితే, "మీ మామ పుణ్యాత్ముడురా" అని కన్నీళ్లు పెట్టుకుంది.

తర్వాతి రోజుల్లో జనం మొదలయ్యారు. మొదట మండలివాళ్లు, తర్వాత వాళ్ల బంధువులు, తర్వాత మన్నెగూడ నుంచి ఆటోల్లో ఎవరెవరో. మోటారుకు పేరు కూడా వచ్చింది, మోటరు లింగయ్య. మా వీధి చివర ఉండే ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె కూడా వచ్చి, సాంబ్రాణి ధూపం పట్టి, "అందరి దేవుడు ఒక్కడే బేటా, జర నా మనుమడికి నౌకరీ అడుగు" అని వెళ్లింది. వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా. కొబ్బరికాయ కొట్టి నీళ్లు మోటారు మీద పోశారు. నిమ్మకాయలు కోసి కాలికి పిండారు. దిష్టి తగలకుండా ఉప్పు మూటలు కట్టారు, అవి తడిసి మోటారు మీద కారేవి. సముద్రంలో మోటార్లు ఉప్పుకు పాడవుతాయని అంటారు. మా చెరువులో ఉప్పు లేదు, మంచినీళ్లు. ఉప్పు మేమే మోసుకొచ్చాం. ఉప్పూ పులుపూ పడేకొద్దీ పొడి ఎక్కువైంది. పొడి ఎక్కువయ్యేకొద్దీ భక్తులు ఎక్కువయ్యారు. కంకులక్క ఇంకో పొయ్యి పెట్టింది.

ఒక పొద్దున ప్రసాదం కోసం పొడి గీకుతుంటే నా గోరు లోపలికి దిగింది. మోటారు కాలిలోకి. మెల్లగా పొడి తుడిచి చూస్తే, రాగి రేకు కట్టిన చోట చుట్టూ లోహం జల్లెడలా ఉంది. విభూతి ఎక్కడి నుంచీ రావడం లేదు. మా మామ మోటారే పొడి అయిపోతోంది. ఇన్నాళ్లూ ఊరంతా నుదుట రాసుకున్నది మా ఇంటి అన్నం.

రాగి రేకు విప్పుదామని చూశాను. తీగ లోహంలోకి కూరుకుపోయి రాలేదు. కాలు పైకి లేపుదామంటే పట్టేసింది. మిగిలింది కడగడం. రెండు బిందెలు మోసుకొచ్చి శుభ్రంగా కడిగి, నూనె గుడ్డ పెట్టాను. ఎండ ఎక్కేసరికి వచ్చిన భక్తులు నున్నగా మెరుస్తున్న మోటారును చూసి దిగులుపడ్డారు.

"కడిగినవా తమ్మి?" అంది కంకులక్క. "మస్తు పాపం. గంత దూరంకెల్లి వచ్చినోళ్లు ఉత్త నుదుర్లతోని పోతున్నరు."

"అక్క, గది విభూతి గాదు. మోటరు తింటున్నం మనం."

"నీ తలకాయ. మొన్న నువ్వే కదా పొట్లం కట్టిచ్చినవ్."

నిజమే. తాత దగ్గరికి వెళ్లి చెప్పాను. తాత కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "బిడ్డా, స్తంభంల ఉన్నోడు మోటరుల ఉండడా?" అని అడిగాడు. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ ప్రశ్న నేనే అడిగేవాణ్ని. ఉంటాడని చెప్పించేవాణ్ని. ఇప్పుడు ఉండడని ఏ నోటితో అనను? ఉంటాడు. అన్నిట్లో ఉంటాడు. తుప్పులోనూ ఉంటాడు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ మా మామకు కావలసింది మోటారు.

అప్పటి నుంచి నేను మైసమ్మ ముందు నిలబడి, ఈ విభూతి ఆపు తల్లీ అని మొక్కుకోవడం మొదలుపెట్టాను. మహిమ జరగాలని మొక్కినవాళ్లు లోకంలో కోట్లమంది ఉంటారు. ఆగిపోవాలని మొక్కినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. ఆవిడ ఆపలేదు. ఆపడానికి ఆవిడ ఏం చేస్తుంది, నేను దించిన కాలు నీళ్లలోనే ఉంది, నేను పూసిన రంగు దిమ్మ మీదనే ఉంది, నేను మంత్రం చదివిన రాగి రేకు తన పని తాను చేసుకుపోతోంది. తినేది నిదానంగా తింటోంది.

ఆఖరి ఆశగా, ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక తాడు గుంజాను. నడిస్తే చాలు, పై పై గాయాలే అనుకుందాం అని. మోటారు ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి తాడు వెనక్కి రానే లేదు. పడవ ముక్కు మీద రాళ్లు పేర్చి కాలిని నీళ్ల పైకి తేల్చి చూస్తే, పంకా పైన ఉన్న చిల్లులోంచి ఏదో కారుతోంది. లోపలి నూనెలో చెరువు నీళ్లు కలిసి, తెల్లగా, చిక్కగా, సన్నటి ధార. నేను తల పట్టుకుని కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో ఒకావిడ గొంతు వినబడింది.

"అవ్వా, పాలు."

ఆమె చెంబు పట్టింది. నేను ఆపలేదు. (తాగవద్దని మాత్రం చెప్పాను. తాగలేదు, ఇంటి గడపకు రాసుకుంది.) ఆ సాయంత్రానికి ఆ పాల వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో తెలియదు, కరీంనగర్ కూడా చేరింది. మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, గిదేందో వీడియో వచ్చింది. మోటరు లింగయ్యనట."

"అవ్ మామ."

"గది మన మోటరేనా?"

"అవ్ మామ."

"దాని మీద గా తెల్లటిదేంది?"

"విభూతి అంటున్నరు మామ."

వెనకాల అత్త "ఏమైందట" అనడం వినబడింది. "వస్తున్న" అని మామ ఫోన్ పెట్టేశాడు.

మామ వచ్చింది ఒక ఆదివారం. కట్ట మీద జనం కిటకిటలాడుతున్నారు. ఆటో దిగి, కర్ర ఊతంతో, ఒక్కో అడుగూ కొలుచుకుంటూ మామ వస్తుంటే అందరూ దారి ఇచ్చారు. ఆయనెవరో చాలామందికి తెలియదు. మోకాళ్ల నొప్పులతో వచ్చిన భక్తుడనుకున్నారు. "రాసుకో పెదనాయిన, తగ్గుతది, మా అత్తకు తగ్గింది" అని ఒకతను చిటికెడు పొడి తీసి చేతిలో పెట్టాడు.

"గిది నా మోటరు" అన్నాడు మామ.

గొంతు పెంచలేదు. తాత ముందుకు వచ్చి మామకు చెయ్యి ఆసరా ఇచ్చాడు. మామ వంగలేక వంగి మోటారు కాలు తడిమాడు. చూపుడు వేలు ఒక చిల్లులోకి పోయింది. తీసి చూసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏ శ్లోకమూ గుర్తుకు రాలేదు.

మామ చేతిలోని ఆ పొడిని నుదుటికి అడ్డంగా రాసుకున్నాడు. "లారీ పోయింది, మోటరు పోయింది" అన్నాడు. "బూడిదన్న దక్కనియ్యి."

మోటారును పట్నానికి తీసుకుపోయాం. అక్కడి మెకానిక్ దాన్ని బల్ల మీద పెట్టి, రాగి రేకును అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్లలో రాగీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే రాగికి ఏమీ కాదని, అల్యూమినియమే కరుగుతుందని, దానికి అడ్డం పడాల్సిన జింకు నోరు రంగుతో మూసేశారని చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. మామ మాత్రం "రాగి శుద్ధమే గద సారు" అని ఒక్క మాట అన్నాడు. తాతను వెనకేసుకొచ్చాడో, నన్నో, నాకు ఈనాటికీ తెలియదు.

మండలివాళ్లు ఇంటికి వచ్చి వసారాలో వరుసగా కూర్చున్నారు. తాత లేచి, బయట గోడకు ఆనించిన పొడుగాటి మూటను తెచ్చి మామ ముందు విప్పాడు. రెండు కొత్త తెడ్లు. మండలిలోని వడ్రంగితో టేకు చెక్కించారట. అలవాటు చొప్పున పసుపు డబ్బా తీయబోయిన తాత చేతిని మామ పట్టుకున్నాడు. "వీటికేం వద్దు తాత. గిట్లనే ఉండనియ్యి."

ఆ ఏడాదంతా, ఆ మరుసటి ఏడాది కూడా, ఆ తెడ్లతో పడవ నడిపింది నేనే. మామ యథాప్రకారం వెనక కూర్చునేవాడు. నా అరచేతులు పొంగి, పగిలి, గట్టిపడ్డాయి. ఇల్లు ఆగలేదు. ఎక్కినవాళ్లలో ఎవరో ఒకరు ప్రతి ఆదివారమూ అడిగేవారు, "మోటరు లేదా పెద్దాయనా?" అని. మామ తల నా వైపు ఊపేవాడు. "గదే మోటరు. తాడు గుంజేది లేదు, తిడితే లేస్తది."

ఇప్పుడు నాకు లోహాల గురించి కొంత తెలుసు. ఏది దేన్ని తింటుందో, దేన్ని దేనికి తాకనివ్వకూడదో తెలుసు. పారాయణం మానలేదు, శనివారం భజన మానలేదు. నీళ్లలో ఉండే ఏ వస్తువుకూ దాన్ని కడగకుండా మాత్రం దండం పెట్టను. అప్పటి ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వు వస్తుంది. వేళ్లకంటిన తెల్లటి పొడి చూసుకుని, అన్ని చోట్లూ వదిలి దేవుడు తన మామ మోటారుకే వచ్చాడని వాడు ఆ మొదటి కొన్ని రోజులు నిజంగా నమ్మాడు. ఆ సంతోషం మళ్లీ నాకు ఏ గుడిలోనూ అంత నిండుగా దొరకలేదు. అందుకే నవ్వుతూ నవ్వుతూనే, వాడి మీద నాకు కొంచెం అసూయ కూడా కలుగుతుంది.